పిలిస్తే పలికే కణం

పాలు పడటం వేరు, చేపడం వేరు. మా జూలూరుపాడులో గేదె ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ తేడా చెబుతారు. ఈనిన గేదెకు పొదుగు నిండితే ‘పాలు పడ్డాయి’ అంటారు. దూడ వెళ్లి మూతితో నాలుగు పోట్లు పొడిచాక పాలు చన్నుల్లోకి దిగితే ‘చేపింది’ అంటారు. దూడ చచ్చిపోతే గేదె చేపదు. అందుకే వెనకటికి దూడ తోలులో గడ్డి కుక్కి దాని ముందు నిలబెట్టేవాళ్లు. అసలు పాలే పడకపోతే మాత్రం ఏ గడ్డిబొమ్మా అక్కరకు రాదు.

మన పెద్దలు రెండు మాటలు పెట్టుకున్న చోట శాస్త్రవేత్తలు రెండు హార్మోన్లను కనిపెట్టారు. పాలు పడేలా చేసేది ప్రొలాక్టిన్. చేపేలా చేసేది ఆక్సిటోసిన్. రెండూ మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి నుంచే రక్తంలోకి వస్తాయి. గేదెకైనా, మనిషికైనా అంతే. ఆక్సిటోసిన్ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఇప్పుడు చెప్పబోయేది ప్రొలాక్టిన్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ప్రొలాక్టిన్ పిలిస్తే వినే ‘చెవి’ గురించి!

‘ఏం తిన్నావే పిల్లా?’

ఖమ్మం నుంచి కొత్తగూడెం పోయే దారిలో, పత్తి చేలు పలచబడి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా మండలం. 2016 వరకూ ఖమ్మం జిల్లా, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఉద్యోగం హైదరాబాద్‌లో అయినా మొదటి కాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్లాను. దగ్గర్లోని పట్టణంలో ఓ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ‘తల్లికి విశ్రాంతి కావాలి’ అంటూ మర్నాటి దాకా పాపను వేరే గదిలోనే ఉంచారు. ఇంటికొచ్చిన నాలుగో రోజుకు కూడా నాకు పాలు పడలేదు.

ఇక మొదలైంది చూడండి... తెలగపిండి మునగాకు కూర ఒకరు, వెల్లుల్లి కారం ఒకరు, పచ్చి బొప్పాయి కూర ఒకరు, పాలసొర పులుసు ఒకరు! అన్నీ తిన్నాను. తిండితో నాకు పేచీ లేదు. దాంతోపాటు వడ్డించిన మాటలే గొంతు దిగలేదు. “కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావే పిల్లా? ఎప్పుడు చూసినా కంప్యూటర్ ముందేనాయె!” అంది వరసకు అత్త అయ్యే ఒకావిడ. “మా ఇంట్లో ఎవరికీ ఇట్లా కాలేదమ్మా” అన్నారు అత్తగారు. ఆ మాట నాకన్నా మా అమ్మకే ఎక్కువ తగిలింది. పెంపకంలోనే ఏదో లోపం ఉన్నట్టు తలొంచుకుని కూర్చుంది.

ఊరి ఏఎన్ఎం సిస్టర్ ఒక్కతే వేరే మాట అంది. “తిండి గొడవ కాదు బిడ్డా. పాపను వదలకుండా పెట్టుకో. రాత్రిళ్లు కూడా. అది ఎంత గుంజితే అంత వస్తాయి.” అడగందే అమ్మయినా పెట్టదన్న సామెత ఇంత సూటిగా వర్తించే చోటు ఇంకోటి ఉండదేమో! పసిబిడ్డ చప్పరించిన ప్రతిసారీ నరాల ద్వారా కబురు మెదడుకు వెళుతుంది. ప్రొలాక్టిన్ పెరుగుతుంది. రాత్రిపూట ఇంకా బాగా పెరుగుతుంది. ఆరో రోజుకు నాకు పాలు పడ్డాయి. అందరూ తెలగపిండి మహిమ అన్నారు. సిస్టర్ నవ్వి ఊరుకుంది.

కానీ నాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. బిడ్డను వదలకుండా పెట్టుకున్నా, రక్తంలో హార్మోను నిండుగా ఉన్నా, పాలు పడనివాళ్లు ఉంటారా? ఉంటే వాళ్లను ఎన్ని మాటలు అని ఉంటాం!

పావురం పెట్టిన పేరు

ప్రొలాక్టిన్ కథలో మొదటి సాక్షి ఆవు కాదు, పావురం. గుళ్లో, గోడ గూళ్లలో గుటగుటలాడే పావురాలను చూసే ఉంటారు. వాటికి చన్నులు ఉండవు కానీ పాలున్నాయి! పిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చే వేళకు ఆడ, మగ పక్షులు రెండింటి గొంతు సంచి గోడలూ మందమై, జున్నులాంటి పదార్థం ఊరుతుంది. దాన్నే పిల్లల నోట్లో పెడతాయి. అదే పావురం పాలు.

1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పీయూష గ్రంథి రసాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే పాలు వచ్చాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం అదే రసం పావురం గొంతు సంచిని కూడా మందంగా చేస్తుందని చూపించింది. ఆ పదార్థానికి ‘ప్రొలాక్టిన్’ అని పేరు పెట్టింది వాళ్లే. చాలా ఏళ్లపాటు ఏ మందులో ఎంత ప్రొలాక్టిన్ ఉందో తెలుసుకోవాలంటే పావురానికి ఎక్కించి, గొంతు సంచి ఎంత మందమైందో చూడాల్సిందే. మనుషుల్లో ప్రొలాక్టిన్ విడిగా ఉందా, లేక పెరుగుదల హార్మోనే ఆ పని కూడా చేస్తోందా అన్న సందేహం తీరడానికి 1970 దాటాల్సి వచ్చింది. కెనడాలో హెన్రీ ఫ్రీసెన్ బృందం మనిషి ప్రొలాక్టిన్‌ను వేరుచేసింది. రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చింది ఆ తర్వాతే.

తెలుగులో ఇంకో చమత్కారం ఉంది. పాలు నిండేదీ పొదుగే, కోడి గుడ్ల మీద కూర్చుని చేసేదీ పొదుగుడే. ఆ రెంటి వెనకా ఉన్నది ఈ ఒక్క హార్మోనే! నాటుకోడి గుడ్లు పెట్టడం మానేసి, గంప కింద కదలకుండా కూర్చుని, దగ్గరికెళితే ఈకలు విప్పి పొడవబోయిందంటే దాని రక్తంలో ప్రొలాక్టిన్ పెరిగినట్టే. గుడ్ల కోసం కోళ్లు పెంచేవాళ్లకు ఇది నష్టం. అందుకే ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తే గుడ్లు పెరుగుతాయా అన్న దాని మీద మన దేశంలోనూ పరిశోధనలు జరిగాయి. ఐ.జె. రెడ్డి, ఆయన సహచరులు 2002లో, 2007లో ప్రచురించిన పత్రాలు ఈ విషయం మీదే.

పిలుపు సరే, చెవి ఏదీ?

రక్తంలో తిరిగే హార్మోను ఒళ్లంతా వెళుతుంది. మరి పాలు రొమ్ములోనే ఎందుకు పడతాయి? మోకాల్లో ఎందుకు పడవు? ఊళ్లో మైకు పెట్టి పేరు పిలిస్తే అందరికీ వినిపిస్తుంది. కానీ ఆ పేరున్నవాడే లేచొస్తాడు. కణాల సంగతీ అంతే. పాలు తయారుచేసే కణాల పైపొర మీద ప్రొలాక్టిన్‌ను గుర్తుపట్టే ఒక ప్రొటీన్ ఉంటుంది. దీన్నే రిసెప్టర్ అంటారు. మన పుస్తకాల్లో ‘గ్రాహకం’. మనం చెవి అనుకుందాం. ఎలుకల్లో ఈ చెవి తాలూకు జన్యువును పాల్ కెల్లీ బృందం 1988లో పట్టుకుంది. మరుసటి ఏడాది మనిషిదీ దొరికింది.

ఈ చెవిలో సగం కణం బయట, సగం లోపల ఉంటుంది. ఒక్క ప్రొలాక్టిన్ అణువు రెండు రిసెప్టర్లను రెండు వైపులా పట్టుకుంటుంది. అప్పుడు లోపలి కొసల్లో అంటుకుని ఉన్న జాక్2 అనే ఎంజైములు మేలుకుంటాయి. అవి స్టాట్5 అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేటు గుర్తు వేస్తాయి. ఆ గుర్తు పడ్డ స్టాట్5 జంటగా కేంద్రకంలోకి వెళ్లి, పాల ప్రొటీన్ల జన్యువుల ముందు కూర్చుంటుంది. పని మొదలు! 1994లో స్టాట్5ను మొదట గుర్తించింది కూడా పాల గ్రంథి పరిశోధనల్లోనే. అందుకే దాని తొలి పేరు ‘మామరీ గ్లాండ్ ఫ్యాక్టర్’.

అంటే పాలు పడకపోవడానికి కారణం ఈ దారిలో ఎక్కడైనా ఉండొచ్చు. పిలిచే గొంతే పోవచ్చు. కాన్పులో రక్తం బాగా పోతే పీయూష గ్రంథి దెబ్బతిని ప్రొలాక్టిన్ ఊరదు. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. 1937లో హెరాల్డ్ షీహన్ వివరించాడు. అడవి పల్లెల్లో ఇంటి దగ్గరే కాన్పులు జరిగిన రోజుల్లో పాలు పడని తల్లుల్లో కొందరికైనా ఇదే కారణం అయి ఉండొచ్చు. లేదంటే నాకు జరిగినట్టు ఆపరేషను, బిడ్డను దూరంగా ఉంచడం వల్ల ఆలస్యం కావొచ్చు. అన్నీ సరిగ్గా ఉండి, చెవే వినకపోతే?

బిళ్లగన్నేరు డాక్టర్ల ఎలుక

చెవి వింటోందో లేదో తెలియాలంటే దాన్ని మనిషిలో ఉంచి చూడలేం. విడిగా, గాజు పాత్రలో పెరిగే కణాల్లో చూడాలి. ఇక్కడ కథ మన పెరట్లోని బిళ్లగన్నేరు మీదుగా వెళుతుంది. ఆ మొక్క ఆకుల నుంచి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందును 1950ల చివర్లో బయటికి తెచ్చిన కెనడా పరిశోధకులు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్. ఆ తర్వాత నోబుల్ పెంచిన ఎలుకల జాతిలో ఒక ఎలుకకు వచ్చిన లింఫోమా గడ్డ నుంచి కణాలు తీసి పెంచారు. వాటికి ఒక వింత లక్షణం ఉంది. ప్రొలాక్టిన్ ఉంటేనే పెరుగుతాయి, లేకపోతే ఆగిపోతాయి! పీటర్ గౌట్‌తో కలిసి 1980లో ఈ సంగతి ప్రకటించారు. నోబుల్ పేరు మీదుగానే వాటిని ‘ఎన్‌బి2’ కణాలు అన్నారు. పావురానికి సెలవు దొరికింది. ఆవగింజలో వెయ్యో వంతు కూడా లేని ప్రొలాక్టిన్‌ను ఈ కణాలు పట్టేశాయి.

ఒక్కటే చిక్కు. అది ఎలుక చెవి. పైగా పూర్తి చెవి కూడా కాదు. దాని రిసెప్టర్‌లో మధ్యన 198 అమైనో ఆమ్లాల ముక్క లేదని 1991లో తేలింది. మనిషి చెవి గురించి తెలియాలంటే మనిషి చెవే కావాలి. అందుకే శాస్త్రవేత్తలు ఆ చెవి ఉన్న కణాలను తామే తయారుచేసుకున్నారు.

కణంలోకి బయటి జన్యువు చొప్పించడం అనగానే కంగారు పడకండి. ఆ పని ఫలం మన ఊరి పిల్లల తొడలకే అందింది. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఇలాంటిదే. వైరస్ జన్యువును ఈస్ట్ కణాల్లో పెట్టి, టీకాకు కావాల్సిన ప్రొటీన్‌ను వాటి చేతే తయారు చేయించారు.

ఇక్కడ చేసిందేమిటంటే, ముందు చెవిటి కణాన్ని వెతికారు. బిఏ/ఎఫ్3 అనే ఎలుక రక్తకణాలు ఉన్నాయి. ఐఎల్-3 అనే వేరే పదార్థం వేస్తేనే బతుకుతాయి. ప్రొలాక్టిన్ వాటికి వినపడదు. వాటిలో మనిషి ప్రొలాక్టిన్ రిసెప్టర్ జన్యువును చొప్పించారు. తర్వాత ఐఎల్-3 ఆపేసి ప్రొలాక్టిన్ పోశారు. చెవి మొలిచినవి బతికాయి, మొలవనివి పోయాయి. ఇక ఆ మిగిలినవే ప్రయోగశాలకు కొలబద్దలు.

ఇంకో రకం హెచ్‌ఇకె 293. మనిషి మూత్రపిండ కణాల నుంచి 1973లో నెదర్లాండ్స్‌లో తయారయ్యాయి. చేసిన పరిశోధకుడి లెక్కలో అది 293వ ప్రయోగం. అందుకే ఆ పేరు. వీటిలో చెవితో పాటు మిణుగురు జన్యువును కూడా పెడతారు! వానాకాలం రాత్రి మా ఊరి చివర చెట్ల మీద మిలమిలలాడే పురుగులో వెలుగు పుట్టించే ఎంజైము పేరు లూసిఫరేజ్. దాని జన్యువు 1985లో దొరికింది. దాన్ని స్టాట్5 వచ్చి కూర్చునే చోటు వెనక అతికిస్తారు. ప్రొలాక్టిన్ పిలిచి, చెవి విని, కబురు కేంద్రకం దాకా వెళితే కణం వెలుగుతుంది. ఎక్కడైనా తెగితే చీకటి. ఎంత విన్నదో వెలుగును కొలిచి చెప్పేయొచ్చు.

ముగ్గురు అక్కచెల్లెళ్లు, ఒక తల్లి

2013లో ఇంగ్లండ్ వైద్యులు ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక కుటుంబం గురించి రాశారు. ముగ్గురు అక్కచెల్లెళ్లు. రక్తంలో ప్రొలాక్టిన్ చాలా ఎక్కువ. మామూలుగా పీయూష గ్రంథిలో గడ్డ ఉంటే అలా పెరుగుతుంది. వీళ్లలో అలాంటిదేం లేదు. జన్యువు చూస్తే రిసెప్టర్‌లో 188వ స్థానంలో హిస్టిడిన్‌కు బదులు ఆర్జినిన్ ఉంది. ఒక్క అక్షరం తేడా. అది నిజంగా తప్పు చేస్తోందా అన్నది తేల్చింది పైన చెప్పిన తయారీ కణాలే. తేడా ఉన్న రిసెప్టర్‌ను కణాల్లో పెడితే కబురు సరిగా వెళ్లలేదు.

2018లో అదే పత్రికలో జపాన్ వైద్యులు ఇంకో తల్లి గురించి రాశారు. బిడ్డ పుట్టింది. రక్తంలో ప్రొలాక్టిన్ దండిగా ఉంది. పాలు మాత్రం పడలేదు. ఆమెకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు రిసెప్టర్ జన్యువుల్లోనూ లోపాలున్నాయి. రెండూ రెండు రకాలు. ఆదివారం అనుబంధంలో సైన్స్ ముక్కలు రాసే పనిలో భాగంగా ఈ సంగతి చదువుతుంటే నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఉంటారు. గొంతు ఎంత గట్టిగా పిలిచినా వినిపించని వాళ్లు ఉంటారు. ఆమె ఎన్ని తెలగపిండి కూరలు తిన్నా లాభం ఉండేది కాదు.

ఇది చాలా చాలా అరుదు. పాలు ఆలస్యమైన ప్రతి తల్లికీ ఇదే కారణం అనుకోవద్దు. కానీ 1997లో ఎలుకల్లో చూసిన ఒక విషయం నన్ను ఆలోచనలో పడేసింది. రిసెప్టర్ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి తీసేసిన ఆడ ఎలుకలకు తొలి కాన్పులో పాలు దాదాపు పడలేదు. తర్వాతి కాన్పుల్లో పడ్డాయి! ఎలుకల్లో జరిగింది మనుషులకు అచ్చంగా అతకదు. అయినా ‘మొదటిసారి పడలేదు, రెండోసారి పుష్కలంగా పడ్డాయి’ అని మన ఇళ్లలో వినే మాట వెనక, ఆ తల్లి బుద్ధీ పథ్యమూ కాక వేరే ఎన్నో ఉండొచ్చని మాత్రం అర్థమవుతుంది.

ఆవుకు వరం, మందుకు హెచ్చరిక

చెవి తేడా అన్నిసార్లూ శాపం కాదు. కరీబియన్ దీవుల్లో సెనెపోల్ అనే ఆవు జాతి ఉంది. పొట్టి నున్నటి వెంట్రుకలు. ఎండను బాగా తట్టుకుంటుంది. 2014లో న్యూజీలాండ్ పరిశోధకులు దాని రహస్యం కనిపెట్టారు. ప్రొలాక్టిన్ రిసెప్టర్ తోక కొంత తెగి ఉండటమే! పాలకు ఇబ్బంది లేదు, ఒళ్లు మాత్రం చల్లగా ఉంటుంది. అదే మార్పును జన్యు సవరణతో చేసిన పశువులకు 2022లో అమెరికా ఎఫ్‌డిఏ ‘ప్రమాదం తక్కువ’ అని పచ్చజెండా ఊపింది. 45 డిగ్రీలు తాకే ఎండల్లో పశువును నీడకు లాగలేక అల్లాడే మా కొత్తగూడెం వైపు రైతులకు ఈ కబురు వింతగానూ ఉంటుంది, ఆశగానూ ఉంటుంది.

మరోవైపు హెచ్చరికలూ ఉన్నాయి. కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద కూడా ఈ చెవి ఉంటుంది. దాన్ని మూసేస్తే గడ్డ తగ్గుతుందేమోనని ఒక యాంటీబాడీని రోగుల్లో పరీక్షించారు. 2016లో వెలువడిన ఫలితాల్లో గడ్డలు తగ్గలేదు. గాజు పాత్రలో కణం చెప్పేది నిజమే. కానీ మనిషి ఒక్క కణం కాదు కదా!

ఇంకో హెచ్చరిక మనందరికీ. వాంతులకు వాడే డోంపెరిడోన్ మాత్రకు ప్రొలాక్టిన్‌ను పెంచే గుణం ఉంది. దాంతో పాలు పెరుగుతాయని కొందరు మందుల షాపులో అడిగి తెచ్చేసుకుంటారు. గుండె లయకు ముప్పు ఉందని ఎఫ్‌డిఏ 2004లోనే హెచ్చరించింది. డాక్టరు చెప్పకుండా వేసుకునే మాత్ర కాదు ఇది. పైగా వినలేని చెవి ముందు గొంతు పెంచితే ఏం లాభం?

బాలింత ఉన్న ఇంటికి

కాన్పు కాగానే, ఆపరేషన్ అయినా సరే, వీలైనంత త్వరగా బిడ్డను తల్లి ఒంటికి ఆనించండి. రాత్రీ పగలూ పెట్టనివ్వండి. సరిగా పట్టుకుంటోందో లేదో నర్సుతో చూపించండి. బిడ్డ రోజూ ఎన్నిసార్లు తడుపుతోంది, బరువు పెరుగుతోందా చూడండి. కాన్పులో రక్తం బాగా పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అయినా పాలు పడకపోతే పరీక్షలున్నాయి. పాప ఆకలి తీర్చే దారులూ ఉన్నాయి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైన ‘ధాత్రి’ లాంటి తల్లిపాల బ్యాంకులు అందుకోసమే. తెలగపిండి కూర కూడా వండి పెట్టండి. కమ్మగా ఉంటుంది.

మాటలు మాత్రం చూసి వడ్డించండి. ఒక హార్మోను, దాన్ని వినే రిసెప్టరు, జాక్2, స్టాట్5, ఆ పైన జన్యువులు... ఇన్ని మలుపుల దారిలో కబురు ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు పావురాలు, ఎలుకలు, మిణుగురులు, దాదాపు తొంభై ఏళ్లు పట్టాయి. మంచం పక్కన నిలబడి ఒక్క నిమిషంలో తేల్చేయడం మనవల్ల అయ్యే పనేనా?